ఒత్తిగిలి పడుకుంటే తుంటి, భుజం నొప్పి: పరుపు ఎంత మెత్తగా ఉండాలి?

నిద్రకరువు:

నాకు చిన్నప్పటి నుంచీ ఎడమవైపు ఒత్తిగిలి పడుకోవడమే అలవాటు, వెల్లకిలా పడుకుంటే నిద్ర రాదు, బోర్లా అయితే ఊపిరాడదు. ఈమధ్య తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చేస్తోంది. చూస్తే తుంటి పక్కన ఎముక చేతికి తగిలే చోట ఒకటే సలుపు, కిందున్న భుజం పట్టేసినట్టు ఉంటుంది, చిటికెన వేలు దాకా తిమ్మిరి. కుడివైపు తిరిగితే కాసేపు హాయి, తర్వాత అటూ అదే వరస. లేచి నాలుగడుగులు వేస్తే తగ్గిపోతుంది, పగలంతా ఏమీ ఉండదు.

పరుపు మరీ పాతదేం కాదు. ఆర్థోపెడిక్ అని రాసి ఉంది, నడుముకి మంచిదని ఇంట్లో అందరూ అన్నారు, తీసుకున్నాం. లోపల రీబాండెడ్ ఫోమ్ (ఫోమ్ ముక్కలు అతికించి చేసే గట్టి రకం), పైన పల్చగా ఒక మెత్తటి పొర, చేత్తో గట్టిగా అదిమినా పెద్దగా దిగదు. నా బరువు 55 కిలోలు, మా ఆయన 88. ఆయన ఇదే పరుపు మీద గుర్రు పెట్టి నిద్రపోతారు, నాకేమో రాత్రి అయ్యేసరికి టెన్షన్.

ఎవరిని అడిగినా "మెత్తటి పరుపు జోలికి పోకు, నడుం పోతుంది" అంటున్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే ఒకచోట పదికి 5 తీసుకోమంటారు, ఇంకోచోట 7 అంటారు. అసలు ఆ అంకెలు ఎవరు వేస్తారు? కొత్తది కొనాలా, ఉన్నదాని మీద ఏదైనా వేస్తే సరిపోతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఫోమ్‌పిచ్చి:

ఆ అంకెలు (1 అంటే బాగా మెత్తన, 10 అంటే బాగా గట్టి) కంపెనీవాళ్ళే వేసుకుంటారండీ. అందరూ పాటించే కొలత ఏదీ లేదు, అందుకే ఒకరి 5 ఇంకొకరి 6న్నర అవుతుంది. ఒకే కంపెనీ పరుపుల్లో ఏది మెత్తన, ఏది గట్టి అని పోల్చుకోవడానికి పనికొస్తుంది, అంతకు మించి నమ్మకండి. ఆర్థోపెడిక్ అన్న ముద్ర కూడా అంతే, సాధారణంగా గట్టి పరుపుకి వేసే పేరు, డాక్టర్లు పరీక్షించి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు.

ఇక మీ నొప్పి సంగతి. వెల్లకిలా పడుకుంటే వీపు, పిరుదులు, తొడలు, పిక్కలు అన్నీ తలా కాస్త బరువు మోస్తాయి. ఒత్తిగిలితే ఆ బరువులో పెద్ద వాటా భుజం మీదా తుంటి మీదా పడుతుంది, పైగా ఆ రెండు చోట్లా ఎముక మీద కండ తక్కువ. పరుపు దిగకపోతే ఆ రెండు గడ్డల మీదే మనిషి నిలబడ్డట్టు, మధ్యలో నడుము గాల్లో ఉంటుంది. మరీ మెత్తగా ఉంటే దానికి వ్యతిరేకంగా జరుగుతుంది, తుంటి లోతుగా దిగిపోయి వెన్ను కిందికి వంగుతుంది, అప్పుడు తుంటి బాగానే ఉంటుంది కానీ పొద్దున్నే నడుం పట్టేస్తుంది. కావలసింది ఈ రెండిటికీ మధ్యలో: భుజం, తుంటి దిగాలి, నడుము కింద ఆసరా అందాలి. వెనక నుంచి చూస్తే మెడ దగ్గర్నుంచి తోక ఎముక దాకా వెన్ను తిన్నగా కనపడాలి.

మీ ఆయనకి సుఖంగా ఉండి మీకు లేకపోవడంలో వింత ఏమీ లేదు. 88 కిలోల మనిషి పై పొరని నలిపేసి కిందకి దిగగలరు, మీ 55 కిలోలకి అది నలగదు. అంటే మీ ఇద్దరూ పడుకునేది ఒకే పరుపైనా ఇద్దరికీ అది వేర్వేరు పరుపు. స్థూలంగా చెప్పాలంటే ఒత్తిగిలి పడుకునేవాళ్ళలో 60 కిలోల లోపు వాళ్ళకి పదికి 4 నుంచి 5, ఆపైన 90 దాకా 5 నుంచి 6, ఇంకా బరువుంటే 6 నుంచి 7 అంటారు. అంకెల మీద ఎంత నమ్మకం పెట్టుకోవాలో పైన చెప్పాను కదా, దీనికీ అంతే.

కొనే ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చెయ్యండి. ఇంట్లో మందపాటి బొంత ఉంటే నాలుగు మడతలు వేసి, దుప్పటి కింద భుజం నుంచి మోకాలి దాకా వచ్చేలా పరిచి రెండు మూడు రాత్రులు పడుకోండి. తుంటి నొప్పి తగ్గితే గొడవ పై పొరదే, పరుపు మొత్తం మార్చక్కర్లేదు. అలాగే ఒత్తిగిలి పడుకుని నడుముకీ పరుపుకీ మధ్య చెయ్యి పెట్టమని మీ ఆయనకి చెప్పండి. చెయ్యి ఇట్టే దూరి ఇంకా ఖాళీ మిగిలితే గట్టి ఎక్కువైందని, చెయ్యి దూర్చడమే కష్టమైతే మెత్తన ఎక్కువైందని.

నూటనాలుగు_కిలోలు:

పైన చెప్పింది బాగుంది గానీ "మెత్తటిది కొను" అని చదివేసి పరిగెత్తేవాళ్ళకి ఒక మాట. నాదీ తుంటి నొప్పే, చాలా మెత్తగా ఉన్న మెమరీ ఫోమ్ (ఒంటి ఆకారానికి నెమ్మదిగా దిగే రకం) తీసుకున్నా, మొదటివారం స్వర్గం. తర్వాత తుంటి ఆ పొర అంతా దాటి కింద ఉన్న గట్టి ఫోమ్‌కి తగలడం మొదలైంది, నొప్పి మళ్ళీ అక్కడే, పైగా నడుము బోనస్. పక్కకి తిరగాలంటే గుంటలోంచి ఎక్కిరావాలి. చివరికి పాకెట్ స్ప్రింగుల (ఒక్కోటీ విడిగా గుడ్డ సంచిలో ఉండే స్ప్రింగులు) మీద మూడంగుళాల లేటెక్స్ (రబ్బరు ఫోమ్) ఉన్నది తెచ్చుకున్నాక సర్దుకుంది. చేత్తో నొక్కితే ఇది పాతదానికన్నా గట్టిగానే ఉంటుంది!

అంటే చూడాల్సింది పై పొర ఎంత మెత్తగా ఉందని మాత్రమే కాదు, ఎంత మందం ఉందని కూడా. రెండు సెంటీమీటర్ల మెత్తటి పొర చేతికి ముద్దొస్తుంది, తుంటికి లెక్కలోకి రాదు.

ఇంకోటి, మెమరీ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడుతుంది, గది చల్లగా ఉంటే గట్టిపడుతుంది. ఏసీ బాగా పెట్టుకునే ఇంట్లో పడుకున్న మొదటి పది నిమిషాలు బల్ల మీద ఉన్నట్టుంటే అదేదో పాడైందని అనుకోకండి. లేటెక్స్‌కి ఈ గొడవ చాలా తక్కువ, నొక్కి వదిలితే వెంటనే పైకి వస్తుంది, తిరగడం తేలిక.

లెక్కల_మాస్టారు:

"గట్టి పరుపు నడుముకి మంచిది" అన్న మాట మీద ఒకటి చెప్పాలి. 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది, స్పెయిన్‌లో చేశారు. ఎన్నాళ్ళ నుంచో నడుము నొప్పి ఉన్న 313 మందిని రెండు జట్లు చేసి, ఒకరికి బాగా గట్టి పరుపు, ఇంకొకరికి మధ్యస్థంగా గట్టిగా ఉన్నది ఇచ్చి 90 రోజులు చూశారు. మధ్యస్థం వాళ్ళకే నొప్పి విషయంలో ఎక్కువ మేలు జరిగింది. ఇది నడుము నొప్పి గురించిన అధ్యయనం, భుజాలూ తుంటీ నొక్కుకుపోవడం గురించి కాదు, కాబట్టి దీన్ని పట్టుకుని మీ ప్రశ్నకి జవాబు చెప్పలేం. కాకపోతే ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదన్న వాదన నడుము విషయంలోనే నిలబడలేదు, అది గుర్తుంచుకుంటే చాలు.

సరదా ఏంటంటే వాళ్ళు వాడిన యూరోపియన్ కొలమానంలో 1 అంటే అన్నిటికన్నా గట్టి, 10 అంటే అన్నిటికన్నా మెత్తన. దుకాణాల్లో కనపడే లెక్కకి తలకిందులు. అందులో మధ్యస్థానికి వేసిన 5.6ని, గట్టిదానికి వేసిన 2.3ని ఇక్కడి అంకెలతో కలిపి చదివితే గందరగోళమే.

నిద్రకరువు:

బొంత పరీక్ష చేశానండీ. తుంటి నొప్పి సగానికి సగం తగ్గింది, నేనే నమ్మలేదు. నడుము దగ్గర మా ఆయన చెయ్యి మణికట్టు దాకా దూరిపోయింది, బొంత వేశాక వేళ్ళు మాత్రమే పట్టాయి. కానీ భుజం మాత్రం అలాగే ఉంది, చిటికెన వేలు తిమ్మిరి కూడా పోలేదు. ఇదీ పరుపు వల్లేనా? నా దిండు ఎత్తైనదే, చెయ్యి మడిచి దిండు కింద పెట్టుకుని పడుకుంటా.

ఫిజియో_అక్క:

ఆ చివరి వాక్యంలోనే ఉందమ్మా. చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కుతున్నాయంటే మోచేతి వెనక నుంచి వెళ్ళే అల్నార్ నరాన్ని ముందు అనుమానించాలి. మోచెయ్యి బాగా మడిచి గంటల తరబడి ఉంచితే ఆ నరం సాగి నొక్కుకుంటుంది, దాని మీద తల బరువు కూడా వేస్తే ఇక చెప్పేదేముంది. పరుపు ఏదైనా ఇది మారదు. చెయ్యి దిండు కిందనుంచి తీసెయ్యి, కిందున్న చేతిని ఛాతీకి కొంచెం ముందుకి చాచి ఉంచు, పైచేతికి ఒక దిండు ఇచ్చి కౌగిలించుకో. అలా చేస్తే పై భుజం ముందుకి వాలిపోదు, నువ్వూ సరిగ్గా కింది భుజం కొస మీద పడకుండా కాస్త వెనక్కి, భుజం రెక్క వైపుకి వాలొచ్చు. వీపు వెనక ఇంకో దిండు ఆనిస్తే రాత్రంతా అలా నిలబడుతుంది.

తలదిండు ఎత్తు భుజానికీ చెవికీ మధ్య ఖాళీకి సరిపోవాలి, ముక్కు రొమ్ము ఎముకతో ఒకే గీతలో ఉండాలి. పరుపు మెత్తబడితే భుజం లోపలికి దిగుతుంది, ఆ ఖాళీ తగ్గుతుంది, అప్పుడు పాత దిండే ఎత్తు ఎక్కువైపోతుంది. పరుపు మార్చాక మెడ పట్టేసిందని నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది దిండు సంగతి ఆలోచించరు.

తుంటి విషయంలో ఇంకొకటి. పై కాలు ముందుకి జారి మోకాలు పరుపుకి ఆనేలా పడుకుంటున్నావా? అలా పడుకుంటే పై తుంటి పక్కనున్న స్నాయువులు (కండని ఎముకకి కలిపే పట్టీలు) రాత్రంతా సాగి ఉంటాయి. అందుకే కొందరికి కింది తుంటి కాదు, పైది నొప్పెడుతుంది. మోకాళ్ళ మధ్యే కాదు, చీలమండల దాకా వచ్చేలా పొడుగు దిండు పెట్టు. నలభై దాటిన ఆడవాళ్ళలో తుంటి పక్క స్నాయువుల నొప్పి మామూలే. అదైతే ఆ పక్కన పడుకున్నప్పుడే కాదు, మెట్లెక్కినా, ఒంటికాలి మీద నిలబడి చీర కుచ్చిళ్ళో ప్యాంటో సర్దుకున్నా నొప్పెడుతుంది. నీకు పగలు ఏమీ లేదంటున్నావు కాబట్టి ప్రస్తుతానికి ఫరవాలేదు. పగలూ మొదలైనా, చెయ్యి పట్టు తగ్గినా, వస్తువులు జారిపోతున్నా, ఏ వైపు తిరిగినా తగ్గని రాత్రి నొప్పి వచ్చినా, జ్వరమో ఊరికే బరువు తగ్గడమో తోడైనా పరుపుల గురించి చదవడం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళు.

నిద్రకరువు:

అక్కా, పై కాలు ముందుకి వేసే అలవాటు ఉంది, నిజమే. దిండ్లు సర్దుతున్నా. తుంటికి మాత్రం టాపర్ (పరుపు మీద వేసే మెత్తటి పొర) ఒకటి తెప్పిద్దామనుకుంటున్నా, మా ఆయన నిద్ర చెడగొట్టకూడదు. నా వైపు మాత్రమే వేస్తే సరిపోతుందా? ఎంత మందం?

ఫోమ్‌పిచ్చి:

ఒకవైపే వేస్తే మధ్యలో మెట్టు వస్తుంది, అర్ధరాత్రి ఎవరో ఒకరు ఆ అంచు మీద పడతారు. మంచం మొత్తానికి వేసేయండి. ఆయన పై పొరని ఎలాగూ నలిపి కిందున్న గట్టి పరుపు మీద ఆనుతారు, కాబట్టి ఆయనకి పెద్ద తేడా రాదు.

మందం రెండు నుంచి మూడు అంగుళాలు, అంటే 5 నుంచి 7.5 సెంటీమీటర్లు. మీ బరువుకి రెండంగుళాలున్నా చాలు. మెమరీ ఫోమ్ అయితే డెన్సిటీ ఘనమీటరుకి 50 కిలోలకి తగ్గకుండా చూడండి. డెన్సిటీ ఎక్కువంటే గట్టిగా ఉంటుందని కాదు, ఎంత పదార్థం పట్టిందనే లెక్క అది. తక్కువ డెన్సిటీది త్వరగా చదునైపోతుంది. లేటెక్స్‌కి ఈ 50 లెక్క పెట్టకండి, అందులో మెత్తటి రకం అని అడగండి చాలు. మడతలు పెట్టి పంపిన మెమరీ ఫోమ్‌కి మొదట్లో వాసన వస్తుంది, గాలి తగిలేలా పరిచి ఉంచితే పోతుంది.

కింద పరుపులో గుంట పడి ఉంటే మాత్రం టాపర్ దండగ, ఆ గుంట ఆకారమే పైకి వస్తుంది. ఒక పొడుగు కర్రో స్కేలో పరుపు మీద అడ్డంగా పెట్టి కింద సందు ఎక్కడైనా ఉందేమో చూడండి.

అన్నిటికన్నా ముందు ప్రొటెక్టర్ (పరుపు పాడవకుండా పైన తొడిగే కవరు) ఎలాంటిది వేశారో చెప్పండి. సాగని మందపాటి వాటర్‌ప్రూఫ్ ప్రొటెక్టర్ మూలలు లాగి బిగించి ఉంటే పరుపు పైభాగం డప్పు తోలులా తయారవుతుంది, కింద ఎంత మెత్తటిది పెట్టినా భుజం దిగదు.

నిద్రకరువు:

ప్రొటెక్టర్ మాటే తట్టలేదు! ఇప్పుడే దుప్పటి తీసి చూశా. కింద రెగ్జిన్ లాంటి పొర ఉంది, నాలుగు మూలలా ఎలాస్టిక్ పట్టీలు పరుపు కిందికి లాగి ఉన్నాయి. వేలితో నొక్కితే చుట్టూ ముడతలు పడుతోంది గానీ లోపలికి దిగట్లేదు. కర్ర పెట్టి చూశా, గుంట లేదు. ఈ రాత్రికి ప్రొటెక్టర్ తీసేసి, బొంత కూడా లేకుండా పడుకుంటా, టాపర్ ఆర్డర్ ఆపుతున్నా.

ఫోమ్‌పిచ్చి:

మంచిది, కానీ ఒక్క రాత్రితో తేల్చకండి. కనీసం వారం చూడండి, ఆ వారంలో దిండ్ల అమరిక మళ్ళీ మార్చకండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు. తర్వాత టాపర్ తీసుకున్నా ఇదే పద్ధతి, వాపసు గడువు ఎన్ని రోజులో, కవరు విప్పాక తీసుకుంటారో లేదో కొనేముందే అడగండి. కొత్త ప్రొటెక్టర్ కావాలంటే అల్లిక గుడ్డతో చేసిన, నాలుగు వైపులా సాగేది తీసుకోండి.