పద్నాలుగేళ్ళ పాపతో మొదటి క్రూజ్: గాల్వెస్టన్ నుంచి ఏది ఎక్కాలి?

ప్రశ్న (ఫ్రిస్కో నుంచి)

అందరికీ నమస్కారం. మేం హైదరాబాద్ నుంచి డల్లాస్ వైపు వచ్చి ఇంకా ఏడాది కాలేదు. నాది హెచ్-1బి (ఉద్యోగ వీసా), మా ఆవిడది, పాపది హెచ్-4 (దాని మీద కుటుంబానికిచ్చే వీసా). పాపకి పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి. స్నేహితులందర్నీ అక్కడ వదిలేసి వచ్చింది. ఇక్కడ ఇంకా ఎవరూ దగ్గర కాలేదు, స్కూల్ నుంచి రాగానే గది తలుపు వేసేసుకుంటోంది. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ సెలవులకి టెక్సాస్‌లోని గాల్వెస్టన్ పోర్టు నుంచి క్రూజ్‌కి (షిప్‌లో విహారయాత్రకి) తీసుకెళ్ళమని ఆఫీసులో వాళ్ళు చెప్పారు. కార్నివాల్ అని ఒకరు, రాయల్ కరీబియన్ అని ఒకరు, డిస్నీ తప్ప ఇంకేదీ వద్దని ఇంకొకరు. మా అమ్మ కూడా మాతోనే ఉంది, విజిటర్ వీసా మీద వచ్చింది. ఆవిడ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. ఏ కంపెనీ అయితే మంచిదో తెలిసినవాళ్ళు చెప్పగలరు.

జవాబు (కేటీ నుంచి)

తమ్ముడూ, కంపెనీ పేరు ఆఖరున చూసుకోవాల్సిన సంగతి. ముందు మీ కాగితాలు, తర్వాత తేదీ, ఆ తర్వాత షిప్. ఈ మూడూ తేలితే కంపెనీ దానంతట అదే తేలుతుంది. మన గ్రూపులో పాత మెసేజ్‌లు చూస్తే పేరు చూసి బుక్ చేసి, తర్వాత వీసా దగ్గర చిక్కుకున్న కుటుంబాలు కనిపిస్తాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అమెరికా సిటిజన్లయితే ఇక్కడే ఎక్కి ఇక్కడే దిగే క్రూజ్‌కి బర్త్ సర్టిఫికెట్, ఐడీ కార్డు చాలు. వెబ్‌సైట్లలో పెద్ద అక్షరాలతో కనిపించేది అదే. అది మనకు వర్తించదు. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ఉన్నవాళ్ళు షిప్ ఎక్కడమంటే దేశం దాటి వెళ్ళి మళ్ళీ లోపలికి రావడమే. నలుగురి పాస్‌పోర్టులు, అందులో గడువు ఉన్న మల్టిపుల్ ఎంట్రీ వీసా స్టాంపులు, మీ ఐ-797 కాగితం (హెచ్-1బి మంజూరైనట్టు ఇచ్చేది) చేతి సంచిలో ఉండాలి. పెద్ద పెట్టెలు పోర్టు దగ్గరే తీసుకుంటారు, అవి గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. వాటిలో పాస్‌పోర్టులు పెట్టొద్దు.

మీరు కొత్తగా వచ్చారు కాబట్టి స్టాంపులు తాజాగా ఉంటాయి, టెన్షన్ లేదు. అమెరికా వీసాకు గడువు ఉంటే మెక్సికో మనల్ని వేరే వీసా అడగదు. ఇది చదివే మిగతావాళ్ళ కోసం ఇంకో మాట. ఇక్కడే ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) నుంచి హెచ్-1బికి మారి, పాస్‌పోర్ట్‌లో కొత్త వీసా వేయించుకునే స్టాంపింగ్‌కి వెళ్ళనివాళ్ళు, స్టాంపు గడువు అయిపోయినవాళ్ళు జాగ్రత్త. స్టాంపు గడువు అయిపోయినా తిరిగి రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే సదుపాయం హెచ్-1బి వాళ్ళకు కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్ళొస్తేనే పనికొస్తుంది. గాల్వెస్టన్ నుంచి వెళ్ళే ఏడు రోజుల షిప్‌లు చాలావరకు రోటాన్ దగ్గర కూడా ఆగుతాయి, అది హోండురాస్‌ది. అక్కడ అడుగు పెడితే ఆ సదుపాయం వర్తించదు. స్టాంపు లేనివాళ్ళు లాయర్‌ని అడగకుండా డిపాజిట్ కూడా కట్టొద్దని నా సలహా.

చాలామందికి అలాస్కా మీద మనసుంటుంది. సియాటిల్ నుంచి వెళ్ళే షిప్‌లన్నీ దాదాపుగా కెనడాలోని విక్టోరియా దగ్గర ఆగుతాయి. విదేశీ జెండా ఉన్న షిప్ (ఈ క్రూజ్ షిప్‌లు దాదాపు అన్నీ అలాంటివే) అమెరికా పోర్టులో జనాన్ని ఎక్కించుకుని మధ్యలో ఏ విదేశంలోనూ ఆగకుండా తిరిగి రాకూడదని 1886 నాటి చట్టం ఉంది. విక్టోరియా ఆగడం సాయంత్రం కొన్ని గంటలే అయినా, గ్రీన్ కార్డ్ లేని ఇండియన్ పాస్‌పోర్ట్‌కి కెనడా విజిటర్ వీసా కావాలి. దానికి నెలలు పట్టొచ్చు. ఈ మార్చికి మీకు గాల్వెస్టనే సరి. ఫ్రిస్కో నుంచి కారులో ఐదు గంటలు, విమానం టికెట్ల ఖర్చు లేదు. ముందు రోజే వెళ్ళి హ్యూస్టన్‌లోనో గాల్వెస్టన్‌లోనో పడుకోండి. చలికాలం నుంచి మార్చి దాకా అక్కడ పొగమంచు వస్తే షిప్‌ల దారి మూసేస్తారు, గంటల తరబడి ఆలస్యమవుతుంది. దిగిన రోజు సాయంత్రానికి ఏ పనీ పెట్టుకోవద్దు.

ఇక తేదీ. టీనేజ్ పిల్లతో వెళ్ళేవాళ్ళకు స్ప్రింగ్ బ్రేక్ ఖరీదెక్కువైనా సరైన సమయం. సెప్టెంబర్‌లో టికెట్లు చవకే, కానీ షిప్‌లో ఆ వయసు పిల్లలు కనపడరు, పాప మీ ముగ్గురి మధ్య ఒంటరిగా కూర్చుంటుంది. పైగా జూన్ నుంచి నవంబర్ దాకా హరికేన్ సీజన్. టెక్సాస్‌లో చాలా స్కూళ్ళకు మార్చి మధ్యలో ఒకే వారం సెలవులు. ఆ వారం షిప్ నిండా డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ పిల్లలే ఉంటారు. మీ పాపకి కావలసింది అదే.

షిప్ సంగతి. ఒకే కంపెనీలో కొత్త షిప్‌కీ పాత షిప్‌కీ ఎంత తేడా అంటే రెండూ వేరే కంపెనీలేమో అనిపిస్తుంది. గాల్వెస్టన్‌లో 2023 డిసెంబర్ నుంచి కార్నివాల్ జూబిలీ ఉంది, పై అంతస్తులో రోలర్ కోస్టర్ ఉన్న పెద్ద షిప్. రోలర్ కోస్టర్‌కి విడిగా డబ్బు కట్టాలి. రాయల్ కరీబియన్ 2022లో అక్కడ సొంత టెర్మినల్ తెరిచి తన పెద్ద షిప్‌లను తెస్తోంది. వాటిలో ఐస్ రింక్, గోడ ఎక్కే ఆట, అలల మీద నిలబడే ఫ్లోరైడర్ టికెట్‌లోనే కలిసి ఉంటాయి. ఏ షిప్ ఏ ఏడాది అక్కడ ఉంటుందో మారిపోతుంటుంది, మీ తేదీకి ఏది ఉందో చూసి ఆ షిప్ పేరుతోనే వీడియోలు చూడండి, పాపను పక్కన కూర్చోబెట్టుకుని. నా అభిప్రాయం అడిగితే, ఐస్ స్కేటింగో కొండలెక్కడమో ఇష్టపడే పిల్ల అయితే రాయల్ కరీబియన్ పెద్ద షిప్. నీళ్ళ జారుడుబండలు, పాటలు, సందడి ఇష్టమైతే జూబిలీ. డిస్నీ బాగుంటుంది, సర్వీసులో వాళ్ళకు వాళ్ళే సాటి, కానీ ఆ రేటుకి గాల్వెస్టన్ నుంచే వెళ్ళే వేరే కంపెనీ షిప్‌లో రెండు గదులు దొరుకుతాయి, మీరు నలుగురున్నారు. నార్వేజియన్ అనే కంపెనీ కూడా చూడొచ్చు, దాంట్లోనూ షిప్‌ని బట్టే. ఆఫర్ బాగుందని వర్జిన్ వాయేజెస్ వైపు మాత్రం వెళ్ళకండి, అందులో 18 నిండనివాళ్ళను ఎక్కనివ్వరు.

టికెట్ మీద కనిపించే రేటుకి పోర్టు ఫీజులు, పన్నులు, టిప్పులు కలుపుకోండి. టిప్పు మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్ల వరకూ ఉంటుంది, పిల్లలకూ అంతే. 17 వేసుకున్నా మీ నలుగురికి ఏడు రోజులకు 476 డాలర్లు. వైఫై విడిగా. గాల్వెస్టన్ పార్కింగ్ కూడా విడిగానే.

జవాబు (ఇర్వింగ్ నుంచి)

కేటీ అన్నయ్య చెప్పినవన్నీ నిజం. నేను అమ్మాయి గురించి మాత్రం రాస్తాను, ఎందుకంటే మా పెద్దది కూడా ఇదే వయసులో విజయవాడ నుంచి వచ్చి ఇలాగే గదిలో కూర్చునేది. ఆ ఏడుపు నాకు తెలుసు.

పిల్లల్ని ఎక్కనిచ్చే ఈ కంపెనీల షిప్‌లలో టీనేజ్ పిల్లలకు క్లబ్ (ఆ వయసువాళ్ళు కలిసి ఆడుకునే చోటు) ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. బుక్ చేసేముందు వయసు గీతలు తప్పకుండా చూడండి. కార్నివాల్‌లో 12 నుంచి 14 వరకూ ఒక క్లబ్, 15 నుంచి 17 వరకూ ఇంకోటి. మీ పాప అక్కడ చిన్నవాళ్ళ క్లబ్‌లో పెద్దది అవుతుంది. రాయల్ కరీబియన్‌లో టీన్స్ అంటే 12 నుంచి 17, నార్వేజియన్‌లో 13 నుంచి 17. డిస్నీలో 11 నుంచి 14కి ఒకటి, 14 నుంచి 17కి ఒకటి, అంటే పద్నాలుగేళ్ళవాళ్ళు రెంటిలో ఏదైనా ఎంచుకోవచ్చు. బిడియం ఉన్న పిల్లకు తనకన్నా చిన్నవాళ్ళ మధ్య ఉండడమే తేలిక అనిపించొచ్చు, కొందరికి అది నామోషీ. పాపనే అడగండి.

ఎక్కిన మొదటి రాత్రి క్లబ్‌కి వెళ్ళడం చాలా ముఖ్యం. కొత్త స్కూల్లో మొదటి రోజు లాంటిదే అది. ఆ రాత్రే పిల్లలు గుంపులు కట్టేస్తారు, మూడో రోజు వెళ్తే ఎవరి గుంపు వాళ్ళది. అందుకని ఆ సాయంత్రం డిన్నర్ త్వరగా ముగించి, మీరే తలుపు దాకా వెళ్ళి దించి రండి. లోపలికి మీరు వెళ్ళొద్దు. ఓ అరగంట ఉండి నచ్చకపోతే వచ్చేయొచ్చని ముందే చెప్పండి. బలవంతం చేస్తే మాత్రం వారమంతా ముభావంగా ఉంటుంది.

స్వేచ్ఛ ఇవ్వండి, కానీ హద్దు చెప్పి ఇవ్వండి. కార్నివాల్, రాయల్ కరీబియన్ రెండింటిలోనూ రాత్రి ఒంటిగంట తర్వాత 18 నిండని పిల్లలు పెద్దవాళ్ళు లేకుండా బయట తిరగకూడదు. మనం మన ఇంటి లెక్కన పదకొండు అనుకోవచ్చు. ఎవరి గదిలోకీ వెళ్ళకూడదు, తన గదికి ఎవర్నీ పిలవకూడదు, రోజూ ఒక పూట భోజనం అందరం కలిసి. ఈ మూడూ ఎక్కకముందే మాట్లాడుకోండి. షిప్‌లో ఖర్చులన్నీ గది కార్డు మీదే రాస్తారు. వీడియో గేమ్‌ల గదిలో డబ్బు నీళ్ళలా పోతుంది, గెస్ట్ సర్వీసెస్‌లో చెప్పి పాప కార్డుకి లిమిట్ పెట్టించండి. అందరి ఫోన్లూ షిప్ కదలగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే సముద్రం మీది నెట్‌వర్క్ పట్టుకుని బిల్లు పేలుతుంది. ఒకరికొకరు మెసేజ్‌లు పెట్టుకోవడానికి కంపెనీ యాప్ వాడుకోవచ్చు.

మళ్ళీ ప్రశ్న (ఫ్రిస్కో నుంచి)

అన్నయ్యా, అక్కా, ఇద్దరికీ చాలా థాంక్స్. క్లబ్ సంగతి చెప్తే పాప మొదటిసారి తల ఎత్తి చూసింది, ఐస్ రింక్ వీడియో రెండుసార్లు చూసింది. అయితే రాయల్ కరీబియన్ వైపే మొగ్గుతున్నాం. గదులు ఎలా తీసుకోవాలి? అమ్మ తిండి మాటేమిటి? వండుకుని తీసుకెళ్ళొచ్చా?

జవాబు (షుగర్ ల్యాండ్ నుంచి)

బాబూ, నేను మీ అమ్మగారి వయసుదాన్ని, శాకాహారినే, మా పిల్లలతో వెళ్తూనే ఉంటాను. నలుగురూ ఒకే గదిలో సర్దుకోవచ్చు గానీ పై బెర్తులు దించితే నడవడానికి చోటు ఉండదు, స్నానాల గది ఒక్కటే. ఎదురెదురుగా రెండు గదులు తీసుకోండి. మీ దంపతులకు బాల్కనీ ఉన్నది, నాయనమ్మకూ మనవరాలికీ కిటికీ లేని లోపలి గది. ప్రతి గదిలో 21 నిండినవాళ్ళు ఒకరుండాలనే నియమం ఆవిడతో తీరిపోతుంది. రెండూ ఒకేసారి బుక్ చేసి, రెండు బుకింగులూ కలపమని చెప్పండి. ఆవిడకు తల తిరిగే అలవాటుంటే కింది అంతస్తుల్లో, షిప్ మధ్యలో ఉన్న గది అడగండి, ఊపు తక్కువ.

తిండికి భయం లేదు. పెద్ద బఫేలో అన్నం, పప్పు, ఏదో ఒక కూర దాదాపు రోజూ ఉంటాయి. రాత్రి డైనింగ్ హాల్లో మొదటి రోజే హెడ్ వెయిటర్‌ని పిలిచి ఇండియన్ వెజిటేరియన్ కావాలి, గుడ్డు వద్దు అని చెప్పండి. మర్నాటి నుంచి విడిగా చేసి తెస్తారు. వంటవాళ్ళలో, వడ్డించేవాళ్ళలో మనవాళ్ళు చాలామంది ఉంటారు, ఒక పెద్దావిడ అడిగితే మరీ శ్రద్ధగా చేస్తారు. కేకులూ తీపి పదార్థాలూ మాత్రం ప్రతిసారీ అడిగే తినాలి, గుడ్డు లేనివి తక్కువ. ఇంట్లో వండిన పులిహోర, పెరుగన్నం లోపలికి రానివ్వరు. సీలు తీయని ప్యాకెట్లు, మిక్స్చర్, బిస్కెట్లు, కొన్న పచ్చడి చిన్న సీసా పర్వాలేదు. రైస్ కుక్కర్, కరెంట్ కెటిల్, ఇస్త్రీ పెట్టె, ఎక్స్‌టెన్షన్ బోర్డు సంచి స్కానింగ్‌లోనే ఆపేస్తారు.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇన్సూరెన్స్. మీ అమ్మగారికి తీసుకున్న విజిటర్ ఇన్సూరెన్స్ అమెరికా నేల మీదే పనిచేసేది కావచ్చు. సముద్రం మీద, మెక్సికోలో, హోండురాస్‌లో చెల్లుతుందా అని వాళ్ళకు ఫోన్ చేసి అడగండి. చెల్లకపోతే, మధ్యలో హెలికాప్టర్‌లో ఆస్పత్రికి తరలించే ఖర్చు కూడా ఇచ్చే ట్రావెల్ ఇన్సూరెన్స్ నలుగురికీ తీసుకోండి. షిప్‌లో డాక్టర్ ఉంటారు, ఆ బిల్లు కూడా గది ఖాతాలోనే పడుతుంది. ఆవిడ బీపీ, షుగర్ మందులు పదిరోజులకు సరిపడా చేతి సంచిలో ఉండాలి. వెళ్ళొస్తే ఆవిడకు అమెరికాలో ఉండడానికి ఇంకో ఆర్నెల్లు కలిసొస్తాయని కొందరు చెప్తారు, ఆ లెక్క వేసుకోకండి. తిరిగొచ్చాక నలుగురి ఐ-94లు (ఎప్పటిదాకా అమెరికాలో ఉండొచ్చో చెప్పే రికార్డులు) వెబ్‌సైట్‌లో తెరిచి చూడండి. కొత్తది ఇచ్చి ఉంటే, పాస్‌పోర్ట్ గడువు దగ్గర పడినవాళ్ళకు ఆ తేదీ వరకే వేస్తుంటారు. పాప పాస్‌పోర్ట్ మైనర్‌ది, ఐదేళ్ళదే అయ్యుంటుంది, దాని తేదీ ఇప్పుడే చూసుకుని అవసరమైతే ముందే రెన్యూ చేయించండి.