మిల్లు బూడిద రాలుతుంటే సెన్సర్ 38 అంటోంది, నమ్మొచ్చా?

మాది మిర్యాలగూడ, రైస్ మిల్లుల దగ్గరే ఇల్లు. అమ్మకు దమ్ము (ఉబ్బసం) ఉంది. అందుకే పోయిన నెల గాలిలో దుమ్ము చూపే పీఎంఎస్ 5003 సెన్సర్ కొని డాబా మీద సజ్జ కింద పెట్టాను. తెల్లవారుజామున మంచులో పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని ధూళి) రెండు వందలు దాటుతోంది. మధ్యాహ్నం మాత్రం దండెం మీది తెల్ల పంచె నిండా నల్లటి ఊక బూడిద రాలుతున్నా 38 దగ్గరే ఉంటోంది. చేత్తో దులిపితే మరక పడేంత బూడిద! అమ్మను ఏ పూట బయటికి పోనివ్వాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు (నల్లగొండ):
సెన్సర్ బాగానే ఉంది తమ్ముడూ. అది దుమ్మును తూచదు. చిన్న ఫ్యాన్‌తో గాలి లాగి, కణాల మీద పడ్డ లేజర్ వెలుగు ఎంత చెదిరిందో చూసి లెక్క కడుతుంది. తేమ 80 శాతం దాటితే కణాలు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి, అంకె ఎగబాకుతుంది. అలాగని పొద్దుటిదంతా అబద్ధం కాదు, చలికాలం ఆ వేళకు పొగ నేలను పట్టుకునే ఉంటుంది. ఇక కంటికి కనిపించే బూడిద తునకలు 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చాలా పెద్దవి, వాటిని ఇది లెక్కించదు. ఇందులో పీఎం 10 (10 మైక్రాన్ల దాకా ఉండే ధూళి) అంకె కూడా చాలావరకు అంచనానే, దాన్ని అసలు చూడకు.

జవాబు (మహబూబ్‌నగర్):
నేను రెండు సెన్సర్లు పక్కపక్కన పెట్టి వారం చూశాను. రెండూ దాదాపు ఒకటే చూపాయి, సంబరపడ్డాను. తర్వాత అర్థమైంది, మంచులో రెండూ కలిసే తప్పుతాయని. కాలుష్య నియంత్రణ మండలి యంత్రం పక్కన కొన్నాళ్లు పెట్టి పోల్చుకుంటేనే అసలు తేడా తెలుస్తుంది. ఆ వీలు దొరికేదాకా తేమ కొలిచే బీఎంఈ 280 ఒకటి తగిలించండి. మన దేశ ప్రమాణం పీఎం 2.5కి ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు, అదీ 24 గంటల సగటు. ఒక్క నిమిషం అంకెను దానితో పోల్చొద్దు. అమ్మగారికి దమ్ము ఎప్పుడు లేస్తుందో కూడా పక్కనే రాయండి.

అడిగినవారు:
అన్నా, సార్, మీరు చెప్పినట్టే నాలుగు రోజులు రాశాను. పొద్దున ఆరింటికి తేమ 93, అంకె 210. తొమ్మిదిన్నరకు తేమ 62, అంకె 70. నేను చూడనిది రాత్రి ఎనిమిది: తేమ 58 మాత్రమే, అంకె 120. నాలుగు రోజుల్లో మూడు రోజులు అమ్మ ఇన్‌హేలర్ తీసింది ఆ వేళకే. వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేది కూడా అప్పుడే. ఈరోజు నుంచి ఆ పని పగటిపూటకు మార్చాం.