మలావీ మిషన్ ఆసుపత్రికి రెండేళ్లు: వెళ్లేముందు ఏం నేర్చుకోవాలి?

కొత్త సర్జన్:
జనరల్ సర్జరీలో ఎంఎస్ అయి రెండేళ్లయింది. మలావీలో ఒక పల్లెటూరి మిషన్ ఆసుపత్రికి రెండేళ్లకు రమ్మని పిలుపు వచ్చింది. నేనూ నా భార్యా ప్రార్థన చేసుకుని వెళ్లాలనే నిర్ణయించుకున్నాం, అందులో సందేహం లేదు. టెన్షన్ అంతా పని గురించే. అక్కడ నాతో కలిపి డాక్టర్లు ఇద్దరేనట, రెండో ఆయన సెలవు పెడితే అన్నీ నేనే చూసుకోవాలి. సిజేరియన్ పక్కన నిలబడి చూశానే తప్ప సొంతంగా చేయలేదు. పిల్లల వార్డు గురించైతే చెప్పక్కర్లేదు. అనుభవం ఉన్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

మూడేళ్లు అక్కడే:
డాక్టర్ గారూ, సిజేరియన్ గురించి భయం వద్దు, అక్కడి క్లినికల్ ఆఫీసరే మీకు నేర్పుతాడు. వాళ్లు ఎంబీబీఎస్ డాక్టర్లు కారు, మూడేళ్ల డిప్లొమా, ఏడాది ఇంటర్న్‌షిప్ చేసినవాళ్లు, మలావీలో సిజేరియన్లు ఎక్కువగా చేసేది వాళ్లే. నేను వెళ్లిన మొదటి వారం, రెండు రోజులుగా నొప్పులు పడుతున్న తల్లిని తెచ్చారు. బిడ్డ తల బాగా కిందికి దిగి ఇరుక్కుపోయింది, పైనుంచి నేనెంత ప్రయత్నించినా రావడం లేదు. ఎదురుగా ఉన్న ఆఫీసర్ నర్సుతో కిందినుంచి తలను మెల్లగా పైకి నెట్టించి, నా చెయ్యి పట్టుకుని వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపించాడు. బిడ్డ ఏడ్చాకే నాకు ఊపిరి ఆడింది. దయచేసి డిగ్రీ అడ్డం పెట్టుకోకండి, అడగండి.

అసలు కష్టం పిల్లల వార్డులో. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు, మలేరియా అప్పుడే విరుచుకుపడుతుంది, ఒక్కో మంచం మీద ఇద్దరు ముగ్గురు. తీవ్రమైన మలేరియాకు ఇచ్చే ఆర్టిసునేట్ ఇంజెక్షన్ డోసు, అంటే 20 కిలోల లోపు పిల్లలకు కిలోకి 3 మిల్లీగ్రాములు, నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. అయితే మలేరియాతో రక్తం బాగా పడిపోయిన పిల్లలకు మందు ఉన్నా, ఎక్కించడానికి రక్తం దొరకదు. ఒక రెండేళ్ల పాపకు హిమోగ్లోబిన్ 3 ఉంది, అరచెయ్యి తిప్పి చూస్తే తెల్ల కాగితమే. ఫ్రిజ్‌లో ఆ గ్రూపు లేదు. మేనమామ రక్తం కుదిరింది కానీ పరీక్షలు చేసి సంచి వేలాడదీసేలోపే పాప పోయింది. ఆయన మోచేతికి దూది అలాగే ఉంది. రక్తం ఇచ్చేది ఎక్కువగా సెకండరీ స్కూలు పిల్లలు, డిసెంబరులో వాళ్లకు సెలవులు, సరిగ్గా అప్పుడే మనకు అవసరం. అందుకే స్కూళ్లు మూసేలోపు వెళ్లి రక్తం సేకరించే పని మీరు దగ్గరుండి చూసుకోండి. ఆపరేషన్ల కంటే దానివల్లే ఎక్కువమంది బతుకుతారని నా నమ్మకం.

మత్తు నర్సు:
స్పైనల్ (వెన్నులో మత్తు సూది) ఇవ్వడం, కెటమిన్ అనే మత్తుమందు వాడడం చేతికి బాగా అలవాటయ్యాకే బయల్దేరండి సార్. కరెంటు పోతే గాలి నుంచి ఆక్సిజన్ తీసే కాన్సంట్రేటర్ కూడా ఆగిపోతుంది, కాబట్టి రక్తం, స్రావాలు లాగేయడానికి కాలితో తొక్కే సక్షన్ పంపు, నిండు సిలిండర్, తలకు కట్టుకునే లైటు థియేటర్‌లో ఉన్నాయో లేదో మొదటిరోజే చూసుకోండి.

మూడేళ్లు అక్కడే:
మరిచాను, అక్కడ ఎక్కువమంది మాట్లాడే చిచేవా భాష నేర్చుకోండి. ప్రతి పేషెంటుతో వంట చేసిపెట్టే చుట్టం ఒకరు ఉంటారు, అసలు సంగతులన్నీ వాళ్ల దగ్గరే తెలుస్తాయి. థియేటర్‌లో ప్రార్థన వాళ్ల భాషలో వాళ్లనే చేయనివ్వండి.

కొత్త సర్జన్:
చాలా థాంక్సండీ. రేపటినుంచే ప్రసూతి వార్డులో నైట్ డ్యూటీలు అడుగుతాను. రక్తం గురించి ఒక్కటి చెప్పండి, గ్రూపు చూసి క్రాస్‌మ్యాచ్ (దాత రక్తం పేషెంటుకు సరిపడుతుందా అనే పరీక్ష) చేయడం నేను కూడా నేర్చుకుని రావాలా, లేక రాత్రిపూట ల్యాబ్ మనిషి ఉంటాడా?

మూడేళ్లు అక్కడే:
ఉంటాడు, ఒక్కడే ఉంటాడు. నేర్చుకునే రండి.