4294967297కి 641 కారణాంకమని ఆయిలర్‌కి ఎలా తట్టింది?

నమస్తే. 2 పవర్ 32కి 1 కలిపితే వచ్చే 4294967297 ప్రధాన సంఖ్యేనని ఫెర్మా అనుకున్నాడనీ, 1732లో ఆయిలర్ దాన్ని 641 × 6700417గా విడగొట్టాడనీ చదివి, పదో తరగతి చదివే మా అమ్మాయి "ఎలా నాన్నా?" అని నా ప్రాణం తీస్తోంది. ఇంట్లో ఉన్న ఎనిమిదంకెల క్యాలిక్యులేటర్‌లో ఆ సంఖ్య పట్టనే పట్టదు. కాగితం మీద గుణించి చూశాను, సరిపోయింది.

దీని ప్రధాన కారణాంకాలు 64తో భాగిస్తే 1 మిగిలేవే అయి ఉండాలట. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, ఆ తర్వాత 641. అంటే అయిదో ప్రయత్నానికే దొరుకుతుంది! కానీ ఆ 64 ఎక్కణ్ణుంచి వచ్చింది? 641ని 5×128+1గా, 625+16గా రాసి చేసే రుజువు అర్థమైంది. అది జవాబు ముందే తెలిసినవాళ్ల పని కదా. లెక్కలు ఇంటర్‌తో ఆపేసినవాణ్ణి, కాస్త నెమ్మదిగా చెప్పండి.