"పులిరాజాకు ఎయిడ్స్..." వస్తుందా, సోకుతుందా?

అక్షరాభ్యాసి:
ఒక పాత హోర్డింగు మాట నిన్నటి నుంచి నన్ను వదలడం లేదు. "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అప్పట్లో ఉమ్మడి రాష్ట్రంలో ఎక్కడ చూసినా అదే, ఎవరీ పులిరాజా అని అందరూ ఒకరినొకరు అడిగారు. నా పట్టింపు క్రియ దగ్గర. అంటురోగం సోకుతుంది అనాలి కదా, మరి అక్కడ ఉన్నది "వస్తుందా", "సోకుతుందా"? ఒక కరపత్రం తిరగరాస్తున్నాను, అందుకే అడుగుతున్నా.

పాలమూరు పంతులు:
"వస్తుందా" అనే ఉంది, అందులో అనుమానం లేదు. అసలు తేలాల్సింది అంతకు ముందున్న అక్షరం. "రాజాకు"నా, "రాజాకి"నా? ఇకారం మీదే "కు" కాస్తా "కి" అవుతుందని బాలవ్యాకరణంలో చిన్నయసూరిగారు సూత్రం కట్టారు. హరికి, కవికి, కానీ రాజాకు. హోర్డింగు మీద కూడా "కు" చూసినట్టే నాకు గుర్తు.

సాగరతీరం:
విశాఖలో మేం "కి" అనే చదివాం, అనే అన్నాం. రాధకి, సీతకి అనే మా నోట వస్తుంది. సూత్రం పద్యానికి, ఇది రోడ్డు పక్కన జనం చదివే మాట.

డాక్టరమ్మ, గుంటూరు:
కి, కు మీరు తేల్చుకోండి. క్రియ మటుకు రాసినవాళ్లు సరిగ్గానే రాశారు. సోకేది హెచ్‌ఐవి అనే వైరస్. ఎయిడ్స్ ఒకరి నుంచి ఒకరికి సోకదు, మందులు లేకపోతే ఆ వైరస్ కొన్నేళ్లకు తెచ్చిపెట్టే చివరి దశ అది. మందులు వేళకు వేసుకుంటే చాలామందికి అది రానే రాదు. కరపత్రాల్లో "ఎయిడ్స్ సోకిన వ్యక్తి" అని కనిపించినప్పుడల్లా నాకు ప్రాణం విసుగెత్తుతుంది. హెచ్‌ఐవి ఎంత ముదిరిందో చెప్పే అమెరికావాళ్ల లెక్క సీడీ4 కణాల మీద, అంటే ఈ వైరస్ దెబ్బతీసే రోగనిరోధక తెల్లకణాల మీద నడుస్తుంది. పెద్దవాళ్లలో ఘన మిల్లీమీటరు రక్తంలో 500, ఆపైన ఉంటే ఒకటో స్టేజి, 200 నుంచి 499 దాకా రెండు, 200 కన్నా తగ్గితే మూడు. ఆ మూడో స్టేజినే వాళ్లు ఎయిడ్స్ అంటారు. 2014లో సున్నా స్టేజి కూడా చేర్చారు, పాజిటివ్ రావడానికి ముందు ఆరు నెలల లోపు నెగెటివ్ వచ్చి ఉంటే, అంటే మరీ కొత్తగా సోకిందన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన నాలుగు స్టేజీలు వేరు. ల్యాబు లేని చోట కూడా మనిషిని చూసి చెప్పగలిగేలా లక్షణాల మీద కట్టారు. ఏ బాధా లేకపోతే ఒకటి. పెదవుల మూలలు పగలడం, గోళ్లకు ఫంగస్, సర్పి, ఇవి రెండు. నోట్లో పెరుగు తరకల్లా తెల్లగా పూత, నెలకు మించి విరేచనాలో జ్వరమో, ఊపిరితిత్తుల క్షయ, ఇవి మూడు. అదే క్షయ ఊపిరితిత్తులు దాటి బయట కనిపిస్తే నాలుగు. మెదడు పొరలకు క్రిప్టోకాకస్ అనే ఫంగస్ పట్టినా, మనిషి చిక్కి శల్యమైనా నాలుగే.

తిక్కన అభిమాని:
"చిక్కి శల్యమైనా" అన్నారు కాబట్టి ఒక మాట. శల్యమంటే ఎముక అని సరిపెట్టుకుంటాం గానీ సంస్కృతంలో అది బాణపు ములికి, ఒంట్లో దిగబడి బాధపెట్టేది. శస్త్రవైద్యానికి శల్యతంత్రమని పేరు అందుకే. నా మటుకు చిక్కి శల్యం కావడమంటే ఎముకల గూడు కావడం కాదు, ములికిలా సన్నబడటం. ఇక శల్యుడి మాటకొస్తే, కర్ణుడి రథం మీదే కూర్చుని అతని ధైర్యాన్ని మాటలతో తోడేసే ఆ ఘట్టాన్ని తిక్కనలా తెలుగు చేయగలిగినవాడు లేడు. ఈ వైరస్ చేసేదీ శల్యసారథ్యమే. మిగతా సైన్యాన్ని నడపాల్సిన సీడీ4 కణంలోనే దూరి కూర్చుంటుంది.

పాలమూరు పంతులు:
పోలిక బాగుంది, వ్యుత్పత్తికి ఒప్పుకోను. తెలుగు కోశాల్లో ఎముక అన్న అర్థం ఉంది, "ఎముకల పోగయ్యాడు" అనే జాతీయమూ పక్కనే ఉంది. ములికి దాకా ఎందుకు వెళ్లాలి?

తిక్కన అభిమాని:
కోశం అర్థం చెబుతుంది పంతులుగారూ, ఆ అర్థం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పదు.

అక్షరాభ్యాసి:
డాక్టరుగారూ, స్టేజిని "దశ" అని రాస్తున్నాను. ఫర్వాలేదా?

సాగరతీరం:
వద్దండీ. దశ అనగానే శనిదశ గుర్తొస్తుంది మనవాళ్లకు. "మెట్టు" అనండి.

డాక్టరమ్మ, గుంటూరు:
మెట్టు అంటే ఎక్కినవాళ్లు దిగొచ్చు కదా, ఇక్కడ అలా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో మొదట రాసిన స్టేజి మనిషి కోలుకున్నాక కూడా వెనక్కి మారదు. 1993 నాటి అమెరికా వర్గీకరణలోనూ అంతే. సీడీ4 600 దాటి, వైరస్ పరీక్షలో కనబడనంతగా తగ్గి, హాయిగా ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లు పాత కాగితం మీద "స్టేజి 4" చూసి నిద్ర మానేస్తారు. అందుకే దశ అన్నా మెట్టు అన్నా పక్కన "చికిత్స మొదలుపెట్టినప్పుడు" అని తప్పకుండా వేయండి. ఇంకో సంగతి కూడా రాయండి. ఒకప్పుడు సీడీ4 ఫలానా అంకె కన్నా తగ్గితేనే మందులు ఇచ్చేవారు. 2017 నుంచి మన దేశంలో ఏ స్టేజిలో ఉన్నా, అంకె ఎంతైనా, హెచ్‌ఐవి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాల్లో వెంటనే ఉచితంగా మొదలుపెడతారు. "నాకింకా ఒకటో స్టేజే కదా, తర్వాత చూద్దాం" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ల కోసం పెద్ద అక్షరాలతో వేయించండి.

అక్షరాభ్యాసి:
అలాగే. "హెచ్‌ఐవి సోకుతుంది, ఎయిడ్స్ వస్తుంది" అనే వేస్తున్నాను. రెండో స్టేజిలో మీరన్న "సర్పి" మా వైపు అందరికీ తెలియదు. "అక్కి" అనొచ్చా?

పాలమూరు పంతులు:
అక్కి అనే అనాలి. కుమ్మరి చేత అక్కి రాయించుకునే ఊళ్లు ఎన్ని లేవు!

సాగరతీరం:
మా ఇంట్లో మాత్రం సర్పి వేరు, అక్కి వేరు. అక్కి అంటే నోటి చుట్టూ లేచే చిన్న పొక్కులు, నడుముకు చుట్టుకుంటూ మండిపోయేది సర్పి. డాక్టరమ్మగారూ, మీ దగ్గరికి వచ్చేవాళ్లు దేన్ని ఏమంటారు?