థీసిస్ గ్రాఫ్‌లో 2014 దగ్గర బార్ ఒక్కసారిగా లేచింది, ఎందుకు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. వైజాగ్‌లో ఎమర్జెన్సీ మెడిసిన్ పీజీ చేస్తున్నాను. మన దేశం నుంచి ఈ సబ్జెక్టులో ఏటా ఎన్ని పేపర్లు వస్తున్నాయి, వేటి మీద వస్తున్నాయి అన్నది నా థీసిస్. వైద్య పేపర్ల ఆన్‌లైన్ సూచిక పబ్‌మెడ్‌లో, రచయిత చిరునామాలో ఇండియా ఉన్నవి వెతికి ఎక్సెల్‌లో గ్రాఫ్ గీస్తే 2014 నుంచి బార్లు అమాంతం పెరిగాయి. 2009లో అప్పటి వైద్య మండలి ఎంసీఐ దీన్ని ప్రత్యేక స్పెషాలిటీగా గుర్తించింది, 2013లో ఇందులో డీఎన్‌బీ అనే పీజీ కోర్సు మొదలైంది, ఆ ప్రభావమే అని రాశాను. గైడ్ సార్ "మళ్ళీ చూడు" అన్నారంతే. సోమవారం చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

సమాధానం 1:
సార్ అనుమానం సరైనదే అమ్మా. 2014కి ముందు చాలా ఏళ్లు పబ్‌మెడ్ రికార్డులో మొదటి రచయిత చిరునామా ఒక్కటే ఎక్కించేవారు, ఆ తర్వాతే రచయితలందరి చిరునామాలూ పెడుతున్నారు. అంటే అమెరికా వాళ్ల పేపర్లో అయిదో పేరు వెల్లూరు డాక్టర్‌ది అయితే 2012లో అది నీ వలలో పడదు, 2015లో పడుతుంది. పేపర్లు నిజంగా పెరిగి ఉండొచ్చు, కానీ ఆ గెంతులో ఎంత నిజమో, ఎంత రికార్డు పద్ధతి వల్ల వచ్చిందో ఇలా చూస్తే తేలదు. అన్ని సంవత్సరాలకీ మొదటి రచయిత చిరునామా ఇండియాలో ఉన్నవే లెక్కపెట్టి మళ్ళీ గీయి. ఎక్సెల్‌లో తెరుచుకునే సీఎస్‌వీ ఫైల్ దించుకుంటే అందులో చిరునామా రాదు, సేవ్ చేసేటప్పుడు ఫార్మాట్ దగ్గర పబ్‌మెడ్ అని ఎంచుకో, ఒక్కో రచయిత పేరు కింద ఏడీ అని చిరునామా వరస ఉంటుంది, మొదటి పేరు కిందది తీసుకో. ఇంకో మాట, ఇండియా పక్కన స్టార్ గుర్తు పెట్టావా? పెడితే ఆ అక్షరాలతో మొదలయ్యే పదాలన్నీ వస్తాయి, అంటే అమెరికాలోని ఇండియానా, ఇండియానాపోలిస్ కూడా వచ్చేస్తాయి. అక్కడ ఎమర్జెన్సీ పరిశోధన బాగా జరుగుతుంది కాబట్టి తేడా చిన్నది కాదు.

సమాధానం 2:
సెర్చ్ పదాలు కూడా చూసుకోండి మేడమ్. మన దగ్గర ఎమర్జెన్సీ అన్న బోర్డు ఇటీవలిది, జనానికీ పాత పేపర్లకీ అది క్యాజువాలిటీనే. ఆ పదం వేయకపోతే పాతవి తప్పిపోయి, కొత్తవి ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుంది. పాడేరు వైపు నుంచి పాముకాటుతోనో పురుగుల మందు తాగో వచ్చినవాళ్లను మొదట చూసేది క్యాజువాలిటీలో, పేపర్ రాసేది మాత్రం జనరల్ మెడిసిన్ వాళ్లు, అచ్చయ్యేది టాక్సికాలజీ జర్నల్లో. 2020 మే 7న మన ఊళ్లో స్టైరీన్ విషవాయువు లీకయినప్పుడు ఎమర్జెన్సీలు ఎలా నిండిపోయాయో చూసినవాణ్ణి, అలాంటివి లెక్కలోకి రాకపోతే బాధగా ఉంటుంది. రచయిత డిపార్ట్‌మెంట్‌ను బట్టి తీసుకుంటారా, రోగిని ఎక్కడ చూశారన్నదాన్ని బట్టా, ముందే రాసిపెట్టుకోండి. ఇద్దరు విడివిడిగా పేపర్లు ఏరి, ఇద్దరి ఎంపిక ఎంత కలిసిందో చెప్పే కప్పా లెక్క కట్టండి. 2020, 2021లో కోవిడ్ పేపర్లను వేరే రంగులో చూపించండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ మేడమ్, సార్. స్టార్ పెట్టాను, నిజమే! అన్నీ అచ్చయిన పేపర్లే కదా, ఎథిక్స్ కమిటీకి పెట్టాలా?

సమాధానం 1:
పెట్టాలి. భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం బహిరంగంగా ఉన్న సమాచారంతో చేసే పనికి సమీక్ష నుంచి మినహాయింపు దొరుకుతుంది, కానీ అది ఇవ్వాల్సింది కమిటీ, మనకు మనం తీసుకునేది కాదు. కమిటీ ఇచ్చే ఆ మినహాయింపు ఉత్తరం లేకపోతే తర్వాత జర్నల్ వాళ్లు అడిగినప్పుడు ఇబ్బంది పడతావు.

ప్రశ్న అడిగినవారు:
ఈ రాత్రి డ్యూటీ అయ్యాక మొదటి రచయితలతో లెక్క మొదలుపెడతాను. పాత గ్రాఫ్ కూడా ఉంచి, రెండూ పక్కపక్కనే సార్‌కి చూపిస్తాను.