సర్కారు కొనే సరుకుకు ధర కట్టేటప్పుడు, ఖాళీగా ఉన్న యంత్రం ఖర్చు ఎవరి ఖాతాలో వెయ్యాలి?

ఖర్చులలెక్క (చర్చ మొదలుపెట్టినవారు):

కేంద్ర సర్కారులో కాస్ట్ అకౌంట్స్ అధికారిగా పనిచేసి రిటైరయ్యాను. చివరి తొమ్మిదేళ్లు నా కింద ఆరుగురు ఉండేవారు. ఈ పని తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. ఒక వస్తువును తయారుచేసే ఫ్యాక్టరీ ఒక్కటే ఉంటే టెండరు పిలిచి లాభం లేదు. అప్పుడు ధర ఎంత ఇవ్వాలో లెక్క కట్టి చెప్పడం మా పని. ఆర్థిక శాఖలోని వ్యయ విభాగం కింద చీఫ్ అడ్వైజర్ కాస్ట్ కార్యాలయం ఉంది. ఇండియన్ కాస్ట్ అకౌంట్స్ సర్వీసువాళ్లు అక్కడా ఉంటారు, వేరే శాఖల్లోనూ ఉంటారు.

నన్ను చివరిదాకా వెంటాడిన తగువు ఒకటుంది. ఒక ఫ్యాక్టరీ స్థిర ఖర్చులు, అంటే ఎన్ని చేసినా మారని జీతాలు, అద్దెల్లాంటివి, ఏడాదికి 2 కోట్లు అనుకోండి. మామూలుగా 800 యూనిట్లు చెయ్యగలదు, అంటే యూనిట్‌కు 25,000 రూపాయలు పడుతుంది. ఆ ఏడాది 500 మాత్రమే చేసింది. ఫ్యాక్టరీ ఇచ్చే ఖర్చుల పట్టికలో, అంటే కాస్ట్ షీటులో, స్థిర ఖర్చు యూనిట్‌కు 40,000 అని వస్తుంది. నేను 25,000 మాత్రమే ఒప్పుకునేవాణ్ని. మిగిలిన 75 లక్షలు కోసేసేవాణ్ని. కాస్ట్ అకౌంటింగ్ ప్రమాణాలు కూడా ఈ స్థిర ఖర్చులను మామూలు సామర్థ్యం మీదే పంచమంటాయి.

సరుకు కొనేది ప్రజల డబ్బుతో. యంత్రం పనిచెయ్యని రోజుల ఖర్చు పనిచేసిన రోజుల సరుకు మీద రుద్దితే ఏ ఫ్యాక్టరీకీ ఉత్పత్తి పెంచాలన్న పట్టు ఉండదు. నా మాట ఇది. కాదనేవాళ్లు చెప్పండి.

నైట్‌షిఫ్ట్:

నేను కాదంటాను సర్. మీరు కోసే వైపు కూర్చున్నారు, నేను కోయించుకునే వైపు. ప్రభుత్వ రంగ సంస్థ ఒకదానిలో కాస్టింగ్ విభాగం చూస్తాను.

మాకు ఇండెంటు, అంటే ఎన్ని కావాలో కొనే శాఖ రాసిచ్చే ఉత్తరం, 800కి వస్తుంది. దాన్ని నమ్మి మనుషుల్ని, డైలని, ఇన్‌స్పెక్షన్ బెంచిలని సిద్ధం చేసుకుంటాం. సగం ఏడాది గడిచాక 500 చాలంటారు. లేదా డ్రాయింగు మార్చి మూడు నెలలు క్లియరెన్స్ ఇవ్వరు. ఆ మూడు నెలలూ లేత్ దగ్గర నిలబడ్డ మనిషికి జీతం ఆపలేం, ఆపకూడదు కూడా. ఆలస్యం చేసింది కొనేవాడు, కోత పడింది తయారుచేసినవాడికి.

ఇంకో మాట. మీరు కోసిన 75 లక్షలు ఎక్కడికీ పోలేదు. మా నష్టాల్లో చేరింది. ఆ నష్టాన్ని పూడ్చేది కూడా అదే ఖజానా. తేడా ఒక్కటే: మీ ఫైలులో ఆదా అని పడుతుంది, మా పద్దుల్లో అసమర్థత అని పడుతుంది. మా షాపు ఫ్లోరు మీద ఇరవై ఏళ్లు పనిచేసినవాళ్లు ఆ మాట పేపర్లో చదవాల్సి వస్తుంది.

పొలంగట్టు:

నైట్‌షిఫ్ట్ గారి బాధ నిజమే. అయినా అయిన ఖర్చంతా ఇచ్చేస్తే ఏమవుతుందో ఎరువుల రంగంలో చూశాం. యూరియాకు 1977లో రిటెన్షన్ ప్రైస్ స్కీమ్ పెట్టారు. ఒక్కో ఫ్యాక్టరీకి దాని ఖర్చును బట్టి ఒక్కో ధర, పైగా పన్నులు పోను నెట్‌వర్త్ (యజమానుల సొంత పెట్టుబడి) మీద 12 శాతం రాబడి. కర్మాగారాలు లేచాయి, ఎరువు దొరికింది, అది కాదనను. కానీ పెట్టుబడి ఎంత ఎక్కువ చూపిస్తే రాబడి అంత ఎక్కువ. సామర్థ్యం తక్కువ చూపిస్తే నార్మ్ (సర్కారు పెట్టిన కొలమానం) దాటడం తేలిక. ఆ విమర్శలు ఏళ్ల తరబడి వచ్చాకే 2003 ఏప్రిల్ నుంచి ఒకే తరహా ఫ్యాక్టరీలను గ్రూపులుగా చేసి ధర కట్టే పద్ధతికి మారారు.

రైతుకు దీంతో ఏం పని అంటారేమో. 45 కిలోల యూరియా బస్తా గరిష్ఠ ధర పన్నులు, వేపపూత ఖర్చు కాక 242 రూపాయలు. ఫ్యాక్టరీ ఖర్చుకీ ఆ 242కీ మధ్య ఉన్నదంతా సబ్సిడీయే. ఖర్చు లెక్కలో ఒక అంకె జారితే రైతు జేబులో తెలియదు, బడ్జెట్‌లో తెలుస్తుంది. అందుకే లెక్క చూసేవాడు గట్టిగా ఉండాలంటాను.

మందులచీటీ:

గట్టిగా ఉంటే సరిపోదండీ, అసలు ఖర్చుకు దగ్గరగా ఉండాలి. నేను మందుల కంపెనీల్లో కాస్ట్ ఆడిట్లు చేశాను. 1995 డ్రగ్ ప్రైస్ కంట్రోల్ ఆర్డరులో (మందుల ధరల నియంత్రణ ఉత్తర్వు) ధర ఖర్చు మీదే కట్టేవారు. ముడిసరుకు, తయారీ, ప్యాకింగ్ కూడి, దాని మీద 100 శాతం మించకుండా మార్జిన్ ఇచ్చేవారు. 2013 ఆర్డరు ఖర్చును పక్కన పెట్టింది. మార్కెట్‌లో 1 శాతం, అంతకు మించి వాటా ఉన్న బ్రాండ్ల ధరల సగటు తీసి, రిటైలరుకు 16 శాతం కలిపి సీలింగ్ ధర (దాటకూడని ధర) పెట్టమంది.

ఇక ఖర్చు లెక్కతో పని లేదనుకున్నాం. 2020లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు ముడిసరుకు ధర బాగా పెరిగి, కోవిడ్ రోజుల్లో ఆ మందు దొరక్కుండా పోతుందేమోనన్న భయం వచ్చినప్పుడు సీలింగ్ ధర 50 శాతం పెంచాల్సి వచ్చింది. అయిన ఖర్చును చూడనని తలుపు మూసుకుంటే అవసరం వచ్చిన రోజు ఆ తలుపు మళ్లీ తీయాలి. నా ఓటు నైట్‌షిఫ్ట్ గారికే.

ఫైనల్‌గ్రూప్:

నేను ఈ మధ్యే ఉద్యోగంలో చేరాను. పెద్దల మధ్య మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోకండి. నా మొదటి ఫైలులోనే ఇలా జరిగింది. ఫ్యాక్టరీకి వెళ్లి, లాగ్‌బుక్ చూసి, నేను ఒక అంకె రాశాను. నా పై అధికారి దాన్ని కొట్టేసి తక్కువ అంకె వేశారు. కారణం రాయలేదు. ఫైలులో మాత్రం నా పేరు మీదే వెళ్లింది. ఖర్చులలెక్క సర్, మీరు ఆరుగురిని నడిపారు కదా. మీ కింద అలా జరిగేదా?

ఖర్చులలెక్క:

బాబూ, ఒక్కసారి జరిగింది, తప్పు నాదే. ఆ అమ్మాయి సైట్ విజిట్‌కి వెళ్లి కొలిమి చల్లబడి మళ్లీ వేడెక్కడానికి ఎంత ఫర్నేస్ ఆయిల్ పోతుందో రాసుకొచ్చింది. నేను ఢిల్లీలో కూర్చుని పాత నార్మ్ పెట్టేశాను. తరువాత నేనే వెళ్లి చూస్తే ఆమె లెక్కే సరి. ఆ రోజు నుంచి మా బృందంలో ఒక పద్ధతి పెట్టుకున్నాను. కింది అధికారి అంకెను ఎవరూ కొట్టెయ్యకూడదు. ఒప్పుకోకపోతే దాని కింద తన నోట్ తన సంతకంతో, కారణంతో రాయాలి. రెండు అంకెలూ పై వరకూ వెళ్లాలి. బృందాన్ని నడపడమంటే నాకు తెలిసిన అర్థం అదే. నీకు జరిగినది సరైంది కాదు. నీ వర్కింగ్ షీటు, లాగ్‌బుక్ కాపీలు ఫైలులో జతపరచి పేజీ నంబర్లు వెయ్యి.

అయితే ఫ్యాక్టరీ చెప్పేదంతా నమ్మమనీ అనను. మా వాళ్లను ట్రయల్ బ్యాలెన్స్ (ఖాతాల మొత్తాల పట్టిక) దగ్గర ఆగనిచ్చేవాణ్ని కాదు, స్టోరు నుంచి సరుకు ఇచ్చినప్పుడు రాసే మెటీరియల్ ఇష్యూ స్లిప్పుల దాకా పంపేవాణ్ని. ఒకచోట స్క్రాప్ అమ్మిన డబ్బు ఇతర ఆదాయంలో కూర్చుంది, సరుకు ఖర్చులోంచి తగ్గించనేలేదు. ఇంకోచోట పెట్టుబడి మీద రాబడి అడుగుతూనే అప్పు వడ్డీ కూడా ఖర్చులో కలిపారు. ఒకే డబ్బుకు రెండుసార్లు ధర. ఇవి కొయ్యడంలో నాకు ఇప్పటికీ సందేహం లేదు.

పొలంగట్టు:

కరెంటు రంగంలో ఈ తగువును వేరేగా తేల్చారు, అదీ చూడండి. కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ లెక్కలో ఛార్జీ రెండు ముక్కలు: స్థిర ఖర్చుకు కెపాసిటీ ఛార్జీ, ఇంధనానికి ఎనర్జీ ఛార్జీ. చాలా బొగ్గు ప్లాంట్లకు లభ్యత నార్మ్ 85 శాతం. ప్లాంటు ఆ మేరకు సిద్ధంగా ఉన్నానని చూపిస్తే, కొనేవాడు కరెంటు తీసుకోకపోయినా స్థిర ఛార్జీ కట్టాలి. చెడిపోయి సిద్ధంగా లేకపోతే కోత ప్లాంటుకే. దీనికీ ఇబ్బంది ఉంది, వాడని కరెంటుకు డిస్కంలు డబ్బు కడుతున్నాయి. కనీసం తప్పు ఎవరిదో బిల్లు మీదే కనబడుతుంది.

నైట్‌షిఫ్ట్:

నేను అడిగేది సరిగ్గా ఇదే. సిద్ధంగా ఉన్నందుకు ఒక లెక్క, తయారుచేసినందుకు ఇంకో లెక్క.

ఖర్చులలెక్క:

రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. యూనిట్ ధర 25,000 దగ్గరే ఉండాలన్న మాట మార్చుకోను. దాన్ని 40,000 చేస్తే వచ్చే ఏడాది అదే మొదటి మెట్టు అవుతుంది, ఆ తరువాత ఎవరూ దించలేరు. కానీ 75 లక్షలను కోసి వదిలెయ్యడం తప్పని నైట్‌షిఫ్ట్ గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. ఆ మొత్తం రిపోర్టులో విడిగా ఒక వరుసలో ఉండాలి. అందులో ఎంత ఇండెంటు తగ్గించినందువల్ల, ఎంత యంత్రం చెడినందువల్ల, ఎంత ముడిసరుకు సమయానికి కొననందువల్ల అన్నది పక్కన రాయాలి. మొదటిది కొన్న శాఖ తన బడ్జెట్‌లోంచి కట్టాలి. అప్పుడు ఆలస్యం చేసినవారికి ఆ ఆలస్యం ఖరీదు తెలుస్తుంది. మిగతా రెండూ ఫ్యాక్టరీవి.

నా సర్వీసులో ఈ వరుస నేను రాసి ఉండాల్సింది. రాయలేదు.

నైట్‌షిఫ్ట్:

సంతోషం సర్. కానీ కారణం పక్కన సంతకం ఎవరు పెడతారు? కొన్న శాఖ తనదే ఆలస్యమని ఎప్పుడూ రాయదు.

ఖర్చులలెక్క:

వాళ్ల మాటా అక్కర్లేదు, మీ మాటా అక్కర్లేదు. ఇండెంటు ఉత్తరం తేదీ, దాన్ని తగ్గించిన ఉత్తరం తేదీ, డ్రాయింగు క్లియరెన్స్ తేదీ, మీ షాపులో మెషీన్ డౌన్‌టైమ్ రిజిస్టరు. నాలుగూ పక్కపక్కన పెడితే కాస్ట్ అధికారే రోజులు లెక్కపెట్టి సంతకం పెట్టగలడు. నా దగ్గరకు వచ్చిన కాస్ట్ షీట్లలో ఆ ఉత్తరాలు జతచేసినవి నాకు గుర్తులేవు. నేనూ అడగలేదు.

నైట్‌షిఫ్ట్:

డౌన్‌టైమ్ రిజిస్టరు మా దగ్గర ఉంది. ఇండెంటు ఉత్తరాలు ప్లానింగ్ విభాగంలో ఉంటాయి, కాస్టింగ్‌కు ఎప్పుడూ రావు. మూడేళ్లవి తీయించమని ఈ రోజే రాశాను.

ఫైనల్‌గ్రూప్:

నా ఫైలుకు పేజీ నంబర్లు వేశాను సర్. నా అంకె 14వ పేజీలో ఉంది.